డ్యూరాంటా కంచెకు కత్తెర ఎప్పుడు? మార్చిలో వద్దు, మృగశిర దాకా ఆగండి

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంటి ముందు కాంపౌండ్ గోడ వెంబడి నలభై అడుగుల పొడవున గోల్డెన్ డ్యూరాంటా కంచె ఉంది. వేయించి ఎనిమిదేళ్ళయింది. మొదట్లో నేల దగ్గర్నుంచీ గుబురుగా, బంగారు రంగులో మెరుస్తూ ఉండేది. ఇప్పుడు ఐదున్నర అడుగులు పెరిగింది. పైన వెడల్పుగా విచ్చుకుపోయి, కింద రెండడుగుల మేర ఒట్టి పుల్లలే కనిపిస్తున్నాయి. మాలి నెలకోసారి వచ్చి పైన కత్తెర వేసి పోతాడు. ఈ మార్చిలో మొత్తం మోకాలి ఎత్తుకు కొట్టేస్తే మళ్ళీ కింది నుంచి వస్తుందంటున్నాడు. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి పంపిన వీడియోల్లో కూడా చలికాలం చివరే గట్టిగా కత్తిరించాలని ఉంది. ఎవర్‌గ్రీన్ మొక్కకు ఎప్పుడు కత్తిరించినా ఒకటేనని మావారి వాదన. మధ్యలో రెండు మొక్కలు ఎండిపోయి సందు పడింది. కొన్ని కొమ్మలకు బంగారు రంగు పోయి మామూలు ఆకుపచ్చ ఆకులు వస్తున్నాయి. ఇది చాలదన్నట్టు పసుపురంగు కాయలు గుత్తులుగా కాస్తున్నాయి. మూడేళ్ళ మనవడు నోట్లో పెట్టుకుంటాడేమోనని టెన్షన్. ఏం చెయ్యమంటారు?

సమాధానం: ముందుగా ఒక మాట. మార్చిలో ఆ మొక్కల మీద కత్తి పడనివ్వకండి. మీ మాలి చెప్పిన పని తప్పు కాదు, నెల తప్పు. డ్యూరాంటా మొండి జాతి. మోకాలి ఎత్తుకు కొట్టేసినా కింద తడి, పైన చల్లదనం ఉంటే ముదురు కాండం మీద నుంచి కూడా చిగురేస్తుంది. అయితే మార్చిలో కొట్టేస్తే ఆ చిగురు బయటికొచ్చేది ఏప్రిల్లో. హనుమకొండలో ఏప్రిల్, మే నెలలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

కంచె మొక్కకు కత్తెర ఎప్పుడు వెయ్యాలని ఎవరడిగినా నేను చూసేది ఒక్కటే. కత్తిరించాక వచ్చే ఆరు వారాలు ఎలా ఉండబోతున్నాయి? కొమ్మ కోసిన వారం పది రోజులకు కింది కణుపుల దగ్గర మొగ్గలు ఉబ్బుతాయి. మూడో వారానికి లేత రెమ్మలు కనిపిస్తాయి. ఆ ఆకు ముదిరి, కాస్త దళసరెక్కి, ఎండనూ గాలినీ తట్టుకునేసరికి ఇంచుమించు నెలన్నర. ఆ నెలన్నరా మొక్క బాలింతతో సమానం. అప్పుడు 40 డిగ్రీలు దాటిన ఎండ, వడగాలి తగిలితే లేత చిగురు అంచుల నుంచి మాడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. ఇన్నాళ్ళూ పై ఆకుల నీడన ఉన్న లోపలి కాండానికి ఒక్కసారిగా నేరుగా ఎండ తగులుతుంది. ఎండ పడే వైపు బెరడు కమిలి, పగిలి, ఆ పగుళ్ళలో నుంచి తెగుళ్ళు దిగుతాయి. చిగురు మాడితే మళ్ళీ వస్తుంది. బెరడు పోతే ఆ కొమ్మ మీద ఆశ వదులుకోవాల్సిందే.

మీ అమ్మాయి పంపిన వీడియోలు అబద్ధం చెప్పడం లేదు, వాళ్ళ ఊరి సంగతి చెబుతున్నాయి. చలికాలంలో మంచు పట్టే చోట ఆ కాలం చివర కత్తిరిస్తే, ఆ తర్వాత వచ్చేది చల్లటి, తడి ఉన్న వసంతం. లేత చిగురుకు అంతకన్నా ఏం కావాలి? అక్కడ భయం ఎండది కాదు, మంచుది. అందుకే శరదృతువు దగ్గరపడ్డాక అక్కడివాళ్ళు బాక్స్‌వుడ్ లాంటి కంచెల్ని గట్టిగా కత్తిరించరు. కత్తిరిస్తే వచ్చిన చిగురు మొదటి మంచుకే నల్లబడుతుంది. ఆరు వారాల లెక్క అక్కడా ఇక్కడా ఒకటే, నెలలే వేరు. మన పంచాంగంలోనూ చైత్ర వైశాఖాలు వసంతమే అనుకోండి, కానీ ఆ వసంతంలో హనుమకొండలో మధ్యాహ్నం పూట గేటు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

మీవారి మాటలో మాత్రం సగం నిజముంది. ఏడాది పొడవునా ఆకు నిలిచే మొక్కలకు నిద్రపోయే కాలమంటూ లేదు. మన చలికాలంలో డ్యూరాంటా కాస్త నెమ్మదిస్తుంది, అంతే. అందుకని పైపైన లేత కొసలు తుంచే పని ఎప్పుడు చేసినా పెద్ద తేడా రాదు. తేడా వచ్చేది గట్టి కత్తిరింపులో. ఆకు రాల్చే చెట్లు రాల్చే ముందే తిండిని వేర్లలోకీ కాండంలోకీ దింపుకుంటాయి. ఆకు నిలిచే మొక్కల్లో ఆ నిల్వ కొంత ఆకుల్లోనే, లేత కొమ్మల్లోనే ఉండిపోతుంది. అంటే వాటిని మోడు చేసినప్పుడు వంటిల్లూ పోతుంది, గాదె కూడా కొంత ఖాళీ అవుతుంది. అందుకే వాటికి కోలుకోవడానికి మంచి రోజులు చూసి పెట్టాలి.

మన దగ్గర ఆ మంచి రోజులు మృగశిర కార్తెతో మొదలవుతాయి, అంటే జూన్ 8 ప్రాంతం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత ఊరికే పుట్టలేదు. ఆ కార్తె దాటనివ్వండి. దాటినా తొలకరి పడగానే పరిగెత్తకండి. మొదటి వాన దుమ్ము అణచడానికే సరిపోతుంది. రెండు మూడు మంచి వానలు పడ్డాక కంచె మొదట్లో గడ్డపారతో ఒక పోటు వేసి చూడండి. జానెడు లోతున మట్టి చేతిలో ముద్ద కడితే నేల పదునెక్కినట్టు. అక్కడి నుంచి ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో, అంటే జూలై మధ్య దాకా, ఎప్పుడైనా పెద్ద కత్తిరింపు చెయ్యొచ్చు. ముసురు పట్టిన రోజు మాత్రం వద్దు. కోసిన చోటు రోజంతా తడిగా ఉంటే శిలీంధ్రాలకు తలుపు తీసి పిలిచినట్టే. రెండు రోజులు వాన తెరిపిచ్చినప్పుడు, పొద్దున్నే మొదలుపెట్టండి.

ఇది తెలంగాణకూ, కోస్తాలో గోదావరి కృష్ణా జిల్లాల వైపూ సరిపోయే లెక్క. నెల్లూరు పాఠకులు దీన్ని ఉన్నదున్నట్టు పాటించకండి. మీకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూన్, జూలైల్లో మీ దగ్గర ఇంకా ఎండలు పేలుతుంటాయి కాబట్టి సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో చేసుకోవడం మంచిది. అనంతపురం వైపు సెప్టెంబరు వానలు నమ్ముకోవచ్చు.

మరి ఇప్పట్నుంచి జూన్ దాకా ఏం చెయ్యాలి? ఫిబ్రవరి దాటకముందే పైపైన ఒక్కసారి తేలిగ్గా సరిచేయించి, ఆ తర్వాత కత్తెర లోపల పెట్టేయండి. దారికి అడ్డం వచ్చే పొడవాటి రెమ్మలుంటే ఒక్కొక్కటి చేత్తో తుంచుకోవచ్చు. ఎండు పుల్లలు ఎప్పుడైనా తీసేయొచ్చు, వాటికి ముహూర్తం అక్కర్లేదు. పుల్ల ఎండిందో లేదో అనుమానమైతే గోరుతో బెరడు గీకండి. లోపల ఆకుపచ్చగా, తడిగా ఉంటే ప్రాణముంది, గోధుమరంగులో పొడిగా ఉంటే లేదు. మొదళ్ళలో ఎండుటాకులో, కొబ్బరి పీచో మూడంగుళాల మందాన పరిచి, రోజూ పైపైన చిలకరించే బదులు వారానికి రెండుసార్లు నేల నానేలా నీళ్ళు పెట్టండి. వేసవిలో బలం నిలుపుకున్న మొక్కే జూన్ కత్తిరింపును తట్టుకుంటుంది.

ఇక కింద ఎందుకు బోసిపోయిందన్న సంగతి. చాలామంది అనుకునేట్టు ఇది వయసువల్ల వచ్చింది కాదు. ఒకసారి కంచె దగ్గరికెళ్ళి పై ఆకుల్ని రెండు చేతులతో పక్కకు తీసి లోపలికి చూడండి. బయటి నుంచి దట్టంగా కనిపించే ఆకు జానెడు మందం కూడా ఉండదు. దాని వెనక ఆకన్నదే లేని గోధుమరంగు పుల్లల అల్లిక ఉంటుంది. ఇంకా దగ్గరగా చూస్తే ఆ పుల్లల కొసల్లో ఒకే చోట ఐదారు పాత కోతలు ముడులు పడి కనిపిస్తాయి. అది మీ మాలి నెలనెలా ఒకే గీత మీద వేసిన కత్తెర. ఆ ముడుల నుంచి సన్నటి రెమ్మలు గుంపుగా పుట్టి పైన చాప పరిచినట్టు కమ్మేస్తాయి. ఆ చాప కిందికి వెలుతురు దిగదు. వెలుతురు అందని ఆకును మొక్క ఎక్కువ రోజులు మొయ్యదు, రాల్చేస్తుంది. పైగా అతను పైభాగం ఒక్కటే కొట్టి పక్కలు వదిలేస్తున్నాడు కాబట్టి ఏటేటా పైన వెడల్పు పెరిగి, కింది భాగం దాని నీడలో పడిపోయింది.

కాబట్టి ఆకారం మార్చనిదే మీ కంచె బాగుపడదు, ఏ నెలలో కత్తిరించినా సరే. అడుగున వెడల్పు, పైన సన్నం ఉండాలి. నాలుగడుగుల కంచెకు నేల దగ్గర రెండున్నర అడుగుల వెడల్పు ఉంటే పైన ఒకటిన్నర, మహా అయితే ఒకటీ ముప్పావు. పక్క నుంచి చూస్తే రెండు గోడలూ లోపలికి కొంచెం వాలి ఉండాలి. అప్పుడు పొద్దుటి ఎండా సాయంత్రం ఎండా కింది కొమ్మ దాకా పడతాయి. గోడ నిటారుగా ఉంటేనే అందమని అనుకునేవాళ్ళున్నారు. నిటారు కంచె ఏడాది రెండేళ్ళు బాగానే ఉంటుంది, తర్వాత మీరు రాసిన ఉత్తరమే వాళ్ళూ రాస్తారు.

మీ కంచెను రెండేళ్ళలో తిప్పుకోవచ్చు. ఒకేసారి మొత్తం మోకాలి ఎత్తుకు కొట్టేసినా చాలా మొక్కలు బతుకుతాయి, నేను కాదనను. కానీ ఇప్పటికే రెండు పోయాయంటున్నారు. బలహీనంగా ఉన్నవి మరో నాలుగు పోతే ఆ సందులు పూడ్చడం ఇంకో రెండేళ్ళ పని. అదీగాక మూడు నాలుగు నెలల పాటు మీ వరండా రోడ్డుకు బాహాటంగా కనిపిస్తుంది. అందుకని ఈ జూన్‌లో పైభాగం, ఇంటివైపు పక్క మాత్రమే ముట్టుకోండి. రోడ్డు వైపు పక్కను అలాగే వదిలేయండి. ఆ ఆకు వేర్లకు తిండి పెడుతూ ఉంటుంది, మీకు చాటూ ఉంటుంది. వచ్చే ఏడాది మృగశిరకు రోడ్డు వైపు.

పని ఇలా సాగాలి. రెండు చివర్లా కర్రలు పాతి మూడున్నర అడుగుల ఎత్తున పురికొస బిగించి కట్టండి. మీకు చివరికి నాలుగడుగులు కావాలంటే కోత అంతకంటే కిందే పడాలి, పై అరడుగు కొత్త చిగురుకు. కంటి అంచనాతో నలభై అడుగులు కోస్తే ఎంత చెయ్యి తిరిగినవాడికైనా అలలు వస్తాయి. కత్తెర పట్టే ముందు ఒక పొడవాటి కర్రతో మొదళ్ళలో చెత్తను కదిలించండి. వానాకాలం మొదట్లో పాములకు ఇలాంటి చోట్లే ఇష్టం. కొమ్మల మధ్య కందిరీగల తుట్టె ఉందేమో, పిగిలిపిట్ట గూడు పెట్టిందేమో కూడా చూడండి. గూట్లో గుడ్లో పిల్లలో ఉంటే ఆ రెండడుగులూ వదిలేసి మిగతాది కానివ్వండి. పిల్లలు ఎగిరిపోయాక ఆ ముక్క కోసుకోవచ్చు, ఏమీ మునిగిపోదు.

పనిముట్లు మూడు కావాలి. లేత రెమ్మలకు రెండు చేతులతో పట్టే హెడ్జ్ కత్తెర, వేలిమందం కొమ్మలకు ఒంటిచేత్తో పట్టే సికేచర్, అంతకు మించితే చిన్న రంపం. మాలీలు చాలామంది మొదటిదాంతోనే అన్నీ కానిచ్చేస్తారు. బొటనవేలు మందం కొమ్మను ఆ కత్తెరతో కోస్తే తెగదు, నలుగుతుంది. నలిగిన చోటు ఎండుతూ కిందికి దిగుతుంది. అంచు పదును పెట్టించి తీసుకురమ్మని ముందే చెప్పండి. మీ దగ్గర రెండు మొక్కలు పోయాయి కాబట్టి ప్రతి రెండు మూడు మొక్కలకోసారి కత్తెరను స్పిరిట్‌తో తుడవమనండి. కరెంటు ట్రిమ్మర్ ఈ పనికి పనికిరాదు. అది తర్వాత నెలనెలా చేసే లేత ట్రిమ్మింగ్‌కి, అదీ వైరు తడవని రోజున.

పైన పురికొస వరకు దించాక, ఇంటివైపు పక్క కొమ్మల్ని అసలు కాండం నుంచి బెత్తెడు, జానెడు మాత్రమే మిగిల్చి కోయండి. కింది కొమ్మకు కాస్త ఎక్కువ పొడవు, పై కొమ్మకు తక్కువ పొడవు ఉంచితే వాలు అదే వస్తుంది. కింది నుంచి పైకి కోసుకుంటూ పోతే తెగిన రెమ్మలు పని చేసే చోట అడ్డం పడవు. ప్రతి కోతా ఒక కణుపుకు పావంగుళం పైన పడాలి. డ్యూరాంటాలో ఆకులు ఎక్కువగా జంటలుగా వస్తాయి. అలా కోసిన చోట ఒక రెమ్మకు బదులు రెండు లేస్తాయి. కొమ్మ కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ కింది మొగ్గల్ని లేవనివ్వదు. కొస తెగితే ఆ అదుపు పోతుంది. కంచె గుబురెక్కడం వెనక ఉన్న కిటుకంతా అదే.

ఇదంతా అయ్యాక ఒక పని మిగిలింది, మాలి కచ్చితంగా వెనకాడే పని. ఒక్కో మొక్కకూ మొదట్లో నాలుగైదు కాండాలు ఉంటాయి. వాటిలో బాగా ముదిరిన ఒకటి రెండింటిని నేలకు జానెడు ఎత్తున రంపంతో కోసేయించండి. ముదురు కాండం అంత కిందికి తెగితేనే మీకు కావలసిన చోట, ఆ బోసి రెండడుగుల్లో, కొత్త రెమ్మలు లేస్తాయి. పైన ఎంత కత్తిరించినా కింద రావు. మిగతా కాండాల వంతు వచ్చే ఏడాది, పై ఏడాది. బొటనవేలి కన్నా లావుగా ఉన్న కోతలకు బోర్డో పేస్టు పూయండి. 100 గ్రాముల మైలుతుత్తం ఒక ప్లాస్టిక్ డబ్బాలో, 100 గ్రాముల సున్నం ఇంకో డబ్బాలో, విడివిడిగా అరలీటరు నీళ్ళల్లో కలిపి ఆ తర్వాత రెండూ ఒకటి చెయ్యాలి. ఇనుప బకెట్ వాడొద్దు. సన్న కోతలకు ఏమీ అక్కర్లేదు, వాటంతటవే ఆరతాయి.

మాలితో ఈ పనికి గుత్త మాట్లాడుకోకండి. ఇంతకని మాట్లాడితే గంటన్నరలో పైన గీసేసి చెయ్యి కడుక్కుంటాడు. అది అతని తప్పని కూడా అనలేం. రోజు కూలికి పిలిచి, పక్కన మీరు కుర్చీ వేసుకుని కూర్చోండి. నలభై అడుగులకు ఒక రోజు పూర్తిగా పడుతుంది.

కోసిన రోజు చూస్తే గుండె గుభేల్‌మంటుంది, ఇంటివైపంతా పుల్లలే కనిపిస్తాయి. కంగారుపడి ఎరువు గుప్పించకండి. ఆకు లేని మొక్క ఎరువు తిని ఏం చేస్తుంది? వాన లేకపోతే నీళ్ళు పెట్టండి, అంతే. చిగుళ్ళు అంగుళం పొడవు వచ్చాక మొదళ్ళు కాస్త గుల్ల చేసి, ఒక్కో మొక్కకు నాలుగైదు దోసిళ్ళ వర్మీకంపోస్టో, బాగా చివికిన పశువుల ఎరువో, దాంతో పాటు గుప్పెడు వేపపిండి వేయండి. యూరియా వేస్తే నిగనిగలాడుతూ లేస్తుంది గానీ ఆ మెత్తటి చిగురుకు తెల్లదోమ, పిండినల్లి వెంటనే చేరతాయి. అవి కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కలు సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తగిలేలా కొట్టండి.

తర్వాతి అడుగు దగ్గరే ఎక్కువమంది ఆగలేకపోతారు. కొత్త రెమ్మలు సర్రున పెరుగుతుంటే ముచ్చటేసి వదిలేస్తారు, నాలుగడుగులు అందాక చూద్దాంలే అని. అలా వదిలితే ఆ రెమ్మలు మళ్ళీ కింద బోసిగా, పైన గుబురుగానే తయారవుతాయి. ఆరంగుళాలు రాగానే సగానికి తుంచండి. మళ్ళీ ఆరంగుళాలు రాగానే మళ్ళీ సగం. ఎత్తు ఆలస్యంగా వస్తుంది, కానీ అడుగు నుంచి దట్టంగా వస్తుంది. వానాకాలమంతా ఇలా చేస్తే దీపావళికి ఇంటివైపు ముఖం నిండుతుంది.

కంచె దారికొచ్చాక జూలై నుంచి అక్టోబరు దాకా మూడు వారాలకోసారి, చలికాలంలో నెలా నెలన్నరకోసారి ట్రిమ్మింగ్ చాలు. మార్చి నుంచి మే దాకా సెలవు. ప్రతిసారీ పాత కోతకు అరంగుళం పైన కొయ్యమనండి, ముడులు పడకుండా ఉంటాయి. అలా ఏటా కొన్ని అంగుళాలు పెరిగిపోతుంది కదా అంటారేమో. నిజమే, రెండు మూడేళ్ళకోసారి మృగశిర దాటాక పెరిగినంతా లోపలికి దించి మళ్ళీ మొదలుపెట్టుకోవాలి.

ఆకుపచ్చగా మారిన కొమ్మల గురించి అడిగారు. నీడలో పడ్డ గోల్డెన్ డ్యూరాంటా ఆకు ఎలాగూ ఆకుపచ్చగా మారుతుంది, కత్తిరించి వెలుతురు రానిస్తే కొత్త ఆకు మళ్ళీ బంగారు రంగులోనే వస్తుంది. కానీ ఎండ బాగా తగిలే చోట కూడా ఒక కొమ్మ పూర్తిగా ముదురు ఆకుపచ్చతో, మిగతావాటికన్నా జోరుగా లేస్తోందంటే అది పూర్వపు జాతి లక్షణానికి తిరిగిపోయిందన్నమాట. దాని ఆకులో పత్రహరితం ఎక్కువ కాబట్టి తిండి ఎక్కువ తయారుచేసుకుని పక్కవాటిని తొక్కేస్తుంది. దాన్ని కొసలో కత్తిరిస్తే ఇంకా రెచ్చిపోతుంది. ఎక్కడ పుట్టిందో వెతికి మొదలంటా తీసేయాలి. ఈ ఒక్క పనికి మాత్రం జూన్ దాకా ఆగక్కర్లేదు.

కాయల విషయంలో మీ భయం సబబే. డ్యూరాంటా కాయలు విషపూరితం. పిల్లలకూ కుక్కలకూ ప్రమాదమే. ఉన్న గుత్తులన్నీ ఈ వారమే కోసి, కింద రాలినవి కూడా ఏరి పారేయండి. బాబు తిన్నాడని అనుమానం వచ్చినా ఇంట్లో వైద్యాలు చెయ్యకుండా కాయలు వెంట తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పూలూ కాయలూ వచ్చేది కొత్త రెమ్మల కొసల్లో కాబట్టి పక్కలు కూడా సరిగ్గా కత్తిరిస్తూ ఉంటే అవి పట్టే అవకాశం చాలా తక్కువ. మీ కంచెకు కాయలు కాస్తున్నాయంటే పక్కలకు ఎన్నో నెలలుగా కత్తెర తగల్లేదని అర్థం. కోసిన కొమ్మల్ని గేటు బయట పడేస్తే మేకలో ఆవులో వచ్చి తింటాయి, అదీ మంచిది కాదు. కంపోస్టు గుంతలో వేసి మట్టి కప్పండి.

ఇదే ఊపులో మిగతా పాఠకులకు రెండు ముక్కలు. గోరింట కంచె ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. ఆషాఢంలో వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి రెమ్మలు కోసుకుపోతే సగం పని అయిపోతుంది, మిగతాది కత్తెరతో సరిచేసుకుంటే సరి. నూరువరహాలు కంచెకు పూలు రెమ్మల కొసల్లోనే వస్తాయి, కాబట్టి ఒక పూత అయిపోగానే కత్తిరించాలి. మొగ్గ మీద కత్తిరిస్తే ఆ విడత పూలు పోయినట్టే. కామినీ కంచె నెమ్మదిగా పెరుగుతుంది, తొందరపడి లోతుగా కొయ్యకండి. పక్కన నిమ్మ, బత్తాయి చెట్లు ఉన్నవాళ్ళు కామినీ లేత చిగురు మీద ఒక కన్నేసి ఉంచాలి. నిమ్మజాతిలో గ్రీనింగ్ తెగులు మోసుకొచ్చే సిల్లిడ్ పురుగు దాని మీద కూడా బతుకుతుంది. మోర్‌పంఖీ, అంటే థూజా, పెంచేవాళ్ళు మాత్రం పైన చెప్పిన గట్టి కత్తిరింపు జోలికి అస్సలు పోవద్దు. ఆకులేని ముదురు పుల్ల దాకా కోస్తే అది మళ్ళీ చిగురెయ్యదు, ఆ బొరియ అలాగే ఉండిపోతుంది.

ఇక మీ సందు. చచ్చిన రెండు మొక్కల్నీ వేర్లతో పీకించి చూడండి. వేర్లకు మట్టి పూతలు అంటుకుని లోపల డొల్లగా ఉంటే చెదలు, నల్లగా మెత్తబడి వాసన వేస్తే నీళ్ళు నిలిచి వేరు కుళ్ళింది. రెండోదైతే ముందు నీరు బయటికి పోయే దారి చూడాలి, లేకపోతే కొత్త మొక్కదీ అదే గతి. చెదలైతే ఎండు వేరు ముక్క ఒక్కటి కూడా మట్టిలో మిగలకుండా ఏరించి, కొత్త మట్టిలో వేపపిండి కలపండి. ఒకటిన్నర అడుగు గుంత తీసి, పక్క మొక్కల వేర్లు లోపలికి వచ్చినంత మేర కోసేసి, పాత మట్టి తీసి ఎర్రమట్టి, ఎరువు సగం సగం నింపండి. మొక్కలు కడియం నర్సరీల నుంచి వచ్చినవి మీ ఊళ్ళోనే దొరుకుతాయి. ఏపుగా పెరిగిన పొడుగాటి మొక్కను తీసుకోకండి, అడుగు ఎత్తున్నా కింది నుంచి మూడు నాలుగు కొమ్మలున్నదాన్ని ఏరుకోండి. కొనడం ఇష్టం లేకపోతే జూన్‌లో కోసిన పెన్సిల్ మందం కొమ్మల్నే ఆరంగుళాల ముక్కలు చేసి, కింది ఆకులు తీసేసి, ఇసుక కలిపిన మట్టి సంచుల్లో గుచ్చి నీడలో పెట్టండి. వానాకాలంలో బాగానే వేరు పోస్తాయి. పది గుచ్చితే అన్నీ బతకవు కాబట్టి కొన్ని ఎక్కువే పెట్టుకోండి. అవి నాటడానికి సిద్ధమయ్యేది మాత్రం వచ్చే జూన్‌కే. కొన్న మొక్కైనా, పెంచిన మొక్కైనా, నాటాక మొదటి ఏడాది దానికి రెండు పక్కలా ఉన్న పాత మొక్కల్ని అరడుగు వెనక్కి కత్తిరించి ఉంచాలి. వెలుతురు తగలకపోతే ఎన్నిసార్లు నాటినా ఆ సందు పూడదు.

కత్తిరింపు అయిపోయి, చిగుళ్ళు వచ్చాక పక్క నుంచి తీసిన ఫొటో ఒకటి పంపండి. ఎదురుగా నిలబడి తీసింది పంపితే వాలు సరిగ్గా వచ్చిందో లేదో నాకు తెలియదు.